గోధుమలోని గుట్టు

ప్రాణికోటికి ఆహారమే ఆధారం. అన్నాన్ని పరబ్రహ్మ స్వరూపంగా భావించిన సంస్కృతి మనది. ఆకలిగొన్నవానికి పట్టెడన్నం పెట్టడాన్ని మించిన పుణ్యం లేదని మన పెద్దల విశ్వాసం. అటువంటి ఆహారమే ఒక మనిషికి అనారోగ్య హేతువైతే ఆ వ్యథ వర్ణనాతీతం. చెడిపోయిన పదార్థం తిని అస్వస్థతకు లోనైతే దానికి కారణం వెంటనే తెలుస్తుంది. కాని ఇంటిల్లిపాదీ తిని హాయిగా ఉన్న రొట్టెనే తిని, ఒక్కరు మాత్రం నెలల తరబడి, ఏండ్ల తరబడి బాధపడుతుంటే ఆ రొట్టెను అనుమానించాలన్న ఆలోచన ఎవరికి కలుగుతుంది?

కారణం తెలియని జీర్ణసంబంధ వ్యాధితో జీవించేవారి పరిస్థితి ఇదే. కడుపుబ్బరం, తరచుగా విరేచనాలు, నొప్పి, నీరసం వారిని వెంటాడుతుంటాయి. ఒకసారి నులిపురుగుల మందు, మరొకసారి పుల్లత్రేన్పుల మందు, ఇంకొకసారి బలానికి టానిక్కు వాడుతారు. ఉపశమనం కలిగినట్లే కలిగి బాధ తిరిగి తలెత్తుతుంది. విద్యార్థికైతే తరగతి మధ్యలో లేచి వెళ్లవలసి వస్తుందేమోనన్న బెరుకు, పరీక్షనాడు ఏమవుతుందోనన్న దిగులు. దూరప్రయాణమన్నా, పెండ్లి విందన్నా భయమే. చివరకు "నీకు ఏ రోగమూ లేదు, అంతా నీ మనోభ్రాంతి" అనే మాట కూడ వినవలసి వస్తుంది. పేరులేని బాధను ఇతరులకు నమ్మించడం కష్టం. అటువంటి బాధలలో ఒకదానికి మానవుడు కారణం కనుగొన్న తీరు మనం తెలిసికొనదగినది. దానిపేరు సీలియాక్ వ్యాధి.

ఈ వ్యాధి కొత్తది కాదు. క్రీస్తుశకం రెండవ శతాబ్దికి చెందిన అరెటియస్ అనే గ్రీకు వైద్యుడు, తిన్నది ఒంటబట్టక దీర్ఘకాలం విరేచనాలతో కృశించే రోగులను వర్ణించాడు. 'ఉదరసంబంధమైన' అనే అర్థమిచ్చే గ్రీకు పదం నుండే సీలియాక్ అనే పేరు వచ్చింది. 1887లో లండన్ నగరంలో శామ్యూల్ గీ అనే వైద్యుడు ఈ వ్యాధిని గురించి ఉపన్యసించి, మరుసటి సంవత్సరం ప్రచురించాడు. రోగి కోలుకోవడమంటూ జరిగితే అది ఆహార నియమం వల్లనే జరగాలని ఆయన అభిప్రాయపడ్డాడు. అయితే విడువవలసిన పదార్థమేదో ఆయనకు తెలియలేదు. 1924లో అమెరికాలో సిడ్నీ హాస్ అనే వైద్యుడు రోగులైన పిల్లలకు అరటిపండ్లు ప్రధానాహారంగా ఇచ్చి చక్కని ఫలితాలు సాధించాడు. అరటిపండులో ఏదో మహత్తు ఉందని లోకం నమ్మింది. ఆ ఆహార నియమంలో రొట్టెకు చోటు లేదన్న సంగతి మీద మాత్రం ఎవరి దృష్టీ నిలువలేదు.

ఆ చిక్కుముడిని విప్పినవాడు నెదర్లాండ్స్ దేశానికి చెందిన పిల్లల వైద్యుడు విల్లెమ్ డిక్కె. ఆయన 1930ల దశకంలో హేగ్ నగరంలో పనిచేస్తుండేవాడు. బిడ్డకు రొట్టె పెట్టడం మానితే రోగం తగ్గుతున్నదని ఒక తల్లి ఆయనతో చెప్పింది. చదువులేని మాటగా ఆయన దానిని కొట్టివేయలేదు. గోధుమ లేని ఆహారాన్ని పిల్లలకిచ్చి పరిశీలించసాగాడు. ఇంతలో రెండవ ప్రపంచ యుద్ధం వచ్చింది. 1944-45 నాటి శీతకాలంలో ఆ దేశాన్ని ఘోరమైన కరవు కబళించింది. రొట్టె దొరకక ప్రజలు తులిప్ పూలమొక్కల దుంపలు సైతం తిన్నారు. అంతటి దుర్భర సమయంలో కూడ సీలియాక్ వ్యాధిగ్రస్తులైన పిల్లలు కొంత తేరుకున్నారు. రొట్టె మరల లభించగానే వారి వ్యాధి తిరగబెట్టింది. డిక్కె అనుమానానికి ఇది బలం చేకూర్చింది. 1950లో ఆయన తన పరిశోధనను ఉట్రెక్ట్ విశ్వవిద్యాలయానికి సమర్పించాడు. సహచరులతో కలిసి, గోధుమ తిన్నప్పుడు రోగి మలంలో కొవ్వు ఎంత వృథాగా పోతున్నదో కొలిచి నిరూపించాడు. ఒక తల్లి గమనించిన విషయం, కొలతలతో కూడిన శాస్త్రసత్యంగా రూపొందింది.

ఇంతకూ గోధుమలో ఉన్న దోషమేమిటి? దీనికి సమాధానం మన వంటింట్లోనే కనబడుతుంది. గోధుమపిండిని తడిపి మర్దిస్తే అది సాగుతుంది. అందువల్లనే చపాతీని కర్రతో పలుచగా ఒత్తగలం. జొన్నపిండి ఆ విధంగా సాగదు. కనుకనే జొన్నరొట్టెను వేడినీళ్లతో కలిపి చేత్తో తట్టవలసి వస్తుంది. ఈ భేదానికి కారణం గోధుమలోని గ్లూటెన్ అనే మాంసకృత్తు. లాటిన్ భాషలో ఆ మాటకు జిగురు అని అర్థం. బార్లీ, రై అనే ధాన్యాలలోను ఇటువంటి మాంసకృత్తులే ఉన్నాయి. మన జీర్ణరసాలు గ్లూటెన్‌ను పూర్తిగా విడగొట్టలేవు. కొన్ని తునకలు మిగిలిపోతాయి. చాలామందికి వాటివల్ల ఏ హానీ లేదు. సీలియాక్ వ్యాధి ఉన్నవారిలో మాత్రం రోగనిరోధక వ్యవస్థ ఆ తునకలను శత్రువులుగా భావించి పోరు సాగిస్తుంది. ఆ పోరులో దెబ్బతినేది వారి చిన్నప్రేగే.

చిన్నప్రేగు లోపలి గోడ మీద ఆంత్రచూషకాలనే సూక్ష్మమైన వ్రేళ్ల వంటి నిర్మాణాలు లక్షలాదిగా ఉంటాయి. అవి జీర్ణమైన ఆహారంలోని పోషకాలను పీల్చుకొని రక్తానికి అందిస్తాయి. వ్యాధి ముదిరినప్పుడు ఈ చూషకాలు అణగారి, ప్రేగుగోడ చదునవుతుంది. వేరు చచ్చిన మొక్కకు ఎంత నీరు పోసినా ఫలమేముంది? ఇనుము అందక రక్తహీనత, కాల్షియం అందక ఎముకల బలహీనత, పిల్లలలో ఎదుగుదల లోపం కలుగుతాయి. విరేచనాలు లేకుండా కేవలం రక్తహీనతగానో, నోటిపూతగానో, ఒక విధమైన చర్మవ్యాధిగానో కూడ ఇది బయటపడవచ్చు. అందుచేతనే దీనిని గుర్తించడంలో ఆలస్యం జరుగుతుంది.

ఇది పాశ్చాత్యుల వ్యాధి అని ఒకప్పుడు భావించేవారు. 2016లో ప్రచురితమైన ఒక అధ్యయనం మన దేశంలోని ఉత్తర, ఈశాన్య, దక్షిణ ప్రాంతాలలో 23 వేల మందికి పైగా వయోజనులను పరీక్షించింది. ఈ వ్యాధిని సూచించే ప్రతిదేహాలు ఉత్తరాదిన నూటికి 1.23 మందిలో, దక్షిణాదిన నూటికి 0.10 మందిలో కనబడ్డాయి. వ్యాధికి అవకాశమిచ్చే జన్యువులు మాత్రం రెండు ప్రాంతాలలోను ఇంచుమించు సమానంగా, మూడింట ఒక వంతుకు మించిన ప్రజలలో ఉన్నాయి. తేడా ఉన్నది ఆహారంలో. ఉత్తరాదివారు సగటున రోజుకు 455 గ్రాముల గోధుమ తింటుండగా, దక్షిణాదివారు తినేది 25 గ్రాములే. వరి, జొన్న, రాగి తిని బ్రతికిన మన పూర్వులకు ఈ జన్యువు వల్ల చిక్కు రాలేదు. ఇప్పుడు మన వసతిగృహాలలోను, బేకరీలలోను గోధుమకు, మైదాకు చోటు పెరిగింది. చదువుకై, కొలువుకై ఉత్తరాదికో విదేశాలకో వెళ్లే తెలుగువారి భోజనంలో దాని పాలు మరింత ఎక్కువ. కాబట్టి ఇది మనది కాని వ్యాధి అనుకోవడానికి వీలులేదు. అయితే ఆ జన్యువులున్న వారిలో కూడ కొద్దిమందికే ఈ వ్యాధి వస్తుందన్న సంగతిని మరువరాదు.

కడుపునొప్పి వచ్చిన ప్రతివారూ గోధుమను నిందించడం సరికాదు. పాలలోని చక్కెర జీర్ణం కాకపోవడం, ప్రేగుల కదలికలో మార్పులు, క్షయ వంటి అంటురోగాలు కూడ ఇటువంటి లక్షణాలనే కలిగిస్తాయి. కొందరికి సీలియాక్ వ్యాధి లేకున్నా గోధుమ సరిపడదు. వారిలో కొందరిని బాధించేది గ్లూటెన్ కాక, గోధుమలోని ఫ్రక్టాన్లనే పిండిపదార్థాలు కావచ్చు. ఈ భేదాలను తేల్చడానికి పరీక్షలు అవసరం. రక్తంలో ప్రతిదేహాలను పరీక్షిస్తారు. అవసరమైతే ఎండోస్కోపీ ద్వారా చిన్నప్రేగు నుండి చిన్న ముక్కను తీసి సూక్ష్మదర్శినితో చూస్తారు.

ఇక్కడ ఒక ముఖ్యమైన హెచ్చరిక ఉంది. పరీక్షలకు ముందే గోధుమ మానరాదు. మానితే ప్రతిదేహాలు తగ్గుతాయి, ప్రేగు మానుతుంది, పరీక్షలో వ్యాధి లేనట్లే కనబడుతుంది. నిజం తెలియాలంటే మరల కొన్ని వారాలపాటు గోధుమ తిని బాధను కొనితెచ్చుకోవలసి వస్తుంది. వ్యాధి నిర్ధారణ అయినచో తల్లిదండ్రులు, తోబుట్టువులు కూడ పరీక్ష చేయించుకోవడం మంచిది. రోగి కుటుంబంలో ఇది ఇతరులకంటె ఎక్కువగా కనబడుతుంది.

ఈ వ్యాధికి మందు పథ్యమే. అది నలభై రోజుల పథ్యం కాదు, జీవితాంతం పాటించవలసినది. మన తెలుగునాట ఇందుకు అనుకూలత ఉంది. అన్నం, పప్పు, పెరుగు, కూరగాయలు, రాగిసంకటి, జొన్నరొట్టె, సజ్జలు, కొర్రలు, మొక్కజొన్న నిశ్చింతగా తినవచ్చు. ఇడ్లీ, దోసెలకు ఆటంకం లేదు. పొంచి ఉన్న ప్రమాదాలను మాత్రం గుర్తెరగాలి. బొంబాయిరవ్వ, మైదా, సేమ్యా గోధుమ నుండి వచ్చినవే. చారులో వేసే ఇంగువలో తరచు గోధుమపిండి కలుపుతారు. గోధుమలు ఆడిన మరలోనే జొన్నలు ఆడిస్తే ఆ పిండి పనికిరాదు. జ్వరం వచ్చినప్పుడు మన ఇండ్లలో ప్రేమతో పెట్టే బ్రెడ్డు, బార్లీ జావ ఈ రోగికి విషతుల్యం. అంగడి సరుకు కొనేటప్పుడు పొట్లం మీది వివరాలు చదవాలి. మన దేశ నిబంధనల ప్రకారం గ్లూటెన్ లేనిదని అమ్మే ఆహారంలో అది కిలోకు 20 మిల్లీగ్రాములకు మించరాదు. నియమం తప్పకుండా పాటిస్తే కొన్ని వారాలలోనే సుఖం కనబడుతుంది. ప్రేగు పూర్తిగా మానడానికి నెలలు, ఒక్కొక్కసారి ఏండ్లు పట్టవచ్చు.

ఈ పథ్యంలో రోగికి కష్టమైనది రుచిని విడవడం కంటె నలుగురిలో ప్రత్యేకంగా కనబడటం. పుట్టినరోజు నాడు అందరూ కేకు తింటుంటే వద్దనడం, బంధువుల ఇంట పూరీని నిరాకరించడం వారికి నిత్యపరీక్ష. "ఒక్క ముక్క తింటే ఏమవుతుంది?" అని మనం చనువుతో బలవంతపెడతాం. ఆ ఒక్క ముక్కే మానుతున్న ప్రేగును మరల గాయపరచగలదు. కనబడని బాధను అనుభవిస్తున్నవారి మాటను ముందుగా నమ్మాలి, ఆపైన కారణం వెదకాలి. ఆనాడు హేగ్ నగరంలో ఒక వైద్యుడు తల్లి మాటను నమ్మి చేసిన పని అదే. మన పక్కన కూర్చున్న మిత్రుడు బిస్కట్టు వద్దన్నప్పుడు రెండవమారు అడగకుండటం మనం చేయగలిగిన పని.