విద్యుత్తు కారు – పెట్రోలు కారు
విద్యుత్తుతో నడచు కారు నేటి వింత యని పలువురు తలంతురు. కాని అది పెట్రోలు కారుతో పాటు పుట్టినదే. 1899లో గంటకు 100 కిలోమీటర్ల వేగమును తొలుత దాటిన కారు విద్యుత్తు కారే. దానిని నడపినవాడు బెల్జియము దేశీయుడగు కామిల్ జెనాట్సీ.

ఆ కాలమున పెట్రోలు కారును కదల్చుట కష్టము. ముందున్న ఇనుప పిడిని చేతితో బలముగా త్రిప్పినగాని యంత్రము నడవదు. ఒక్కొక్కప్పుడు ఆ పిడి వెనుకకు తన్నుటచే చేతి ఎముకలు విఱుగుచుండెను. విద్యుత్తు కారునకు ఆ బాధ లేదు, పొగ లేదు, మ్రోత లేదు. పెట్రోలు కార్లను నిర్మించిన హెన్రీ ఫోర్డు భార్య క్లారా సైతము విద్యుత్తు కారునే నడపెడిది.

అట్లయిన అది ఏల ఓడెను? బరువైన సీసపు బ్యాటరీ కొద్ది దూరమునకే శక్తి నిచ్చెడిది. మరల శక్తి నింపుటకు గంటలకొలది కాలము పట్టెడిది. అమెరికా పల్లెలలో నాడు విద్యుత్తే అరుదు. 1908లో వచ్చిన ఫోర్డు ‘మోడల్ టి’ కారు క్రమముగా చౌక యయ్యెను. 1912 నాటి కాడిలాక్ కార్లలో మీట నొక్కగనే యంత్రమును కదల్చు సాధన మమరెను. పిడి త్రిప్పు బాధ తొలగెను. విచిత్ర మేమన, ఆ సాధనమును నడపినది విద్యుత్తే!

నేడు తేలికయైన లిథియం అయాన్ బ్యాటరీ విద్యుత్తు కారునకు మరల ప్రాణము పోసినది. దాని రూపకల్పనకై ముగ్గురు శాస్త్రజ్ఞులకు 2019లో నోబెల్ బహుమానము లభించెను. ఐనను పెట్రోలును నిమిషములలో నింపవచ్చును. బ్యాటరీకి అంతకంటె ఎక్కువ కాలము కావలయును. మఱియు, కారు పొగ విడువకున్నను, దానికి వలయు విద్యుత్తు మన దేశమున అధికభాగము బొగ్గు వలననే పుట్టుచున్నది. కావున కారును మార్చిన చాలదు. విద్యుత్తును పుట్టించు విధానమును సైతము మార్చవలెను.