పర్లాకిమిడి పంతులు: పాతపట్నం వైపు నుంచి కొన్ని విశేషాలు

పెద్ద విశ్వవిద్యాలయాల పండితులు చెబితేనే ప్రభుత్వాలు వింటాయని మనకో నమ్మకం. మన వైపు మాత్రం చదువుల విధానం మీద పెద్ద చర్చ లేవదీసింది ఒక బడి పంతులు. పాతపట్నం దాటగానే పర్లాకిమిడి. 1880లో అక్కడి రాజావారి స్కూల్లో నెలకు 30 రూపాయల జీతం మీద చరిత్ర చెప్పడానికి చేరిన కుర్రవాడే గిడుగు వెంకట రామమూర్తి. కాలేజీ మెట్లెక్కకుండా, ప్రైవేటుగా చదివే డిగ్రీ సంపాదించారు.

* * *

పర్లాకిమిడి చుట్టూ కొండల్లో సవరలున్నారు. వాళ్ల పిల్లలు బడికి వస్తే పాఠం తెలుగులోనో ఒడియాలోనో ఉండేది. ఇంట్లో అమ్మ మాట్లాడే మాట ఒకటీ బడిలో వినిపించదు. ఇది రామమూర్తి పంతులుకు మింగుడు పడలేదు. తెలుగూ సవరా రెండూ వచ్చిన ఒక మనిషిని తన ఇంట్లోనే పెట్టుకొని, రోజూ మాట్లాడుతూ ఆ భాష పట్టారు. సవరలో పుస్తకాలు రాశారు. సొంత డబ్బుతో బళ్లు పెట్టి, చెప్పేవాళ్లకు జీతాలిచ్చారు. 1911లో మద్రాసు ప్రభుత్వం ఆ పుస్తకాలకు పారితోషికం ఇవ్వబోతే, నాకొద్దు, ఆ డబ్బుతో సవరలకు మంచి బడి పెట్టించండన్నారు. నాకు అన్నిటికంటే ఇష్టమైన విశేషం ఇదే. ఒక ప్రభుత్వానికి ఇంత సూటిగా, ఇంత మర్యాదగా సలహా ఇచ్చిన పండితులు ఎందరుంటారు?

* * *

సవర తెలుగుకు చుట్టం కాదు, ఒడియాకూ కాదు. సంతాలీ లాంటి ముండా భాషల ఇంటిది. ఆ వంశవృక్షంలో ఇంకా పైకి వెళితే కంబోడియావారి ఖ్మేర్ తగులుతుంది. మన కొండ మీది మాటకు సముద్రం అవతల దాయాదులున్నారన్నమాట!

* * *

పంతులుగారి రెండో పోరు తెలుగు కోసం. ఉత్తర జిల్లాల్లో బడుల తనిఖీ అధికారిగా వచ్చిన జె.ఎ. యేట్స్ దొర తెలుగు నేర్చుకుంటూ తికమకపడ్డాడు. జనం మాట్లాడేది ఒకటి, పుస్తకంలో ఉన్నది ఇంకొకటి, ఎందుకని? విశాఖ ఎ.వి.ఎన్. కాలేజీ ప్రిన్సిపాల్ పి.టి. శ్రీనివాస అయ్యంగారు ద్వారా ఆ ప్రశ్న రామమూర్తి పంతులుకూ, విజయనగరంలో ఉన్న గురజాడ అప్పారావుకూ చేరింది. ఈ ఇద్దరూ విజయనగరం మహారాజావారి బడిలో చిన్నప్పుడు కలిసి చదువుకున్నవాళ్లే.

1912–13లో స్కూలు ఫైనల్ పరీక్షలో వ్యాసాన్ని కావ్యభాషలోనైనా వాడుక భాషలోనైనా రాయవచ్చని ఉత్తర్వు వచ్చింది. పండితులు గగ్గోలెత్తారు. మద్రాసు విశ్వవిద్యాలయం కమిటీ వేసింది. అందులో ఎక్కువమంది గ్రాంథికం వైపే మొగ్గారు. గురజాడ ఒప్పుకోకుండా 1914లో తన అసమ్మతిని విడిగా రాసి ఇచ్చారు. మరుసటి ఏడే కన్నుమూశారు.

మరి రామమూర్తి పంతులు? ఊరూరా తిరిగారు. 1919లో ‘తెలుగు’ అనే పత్రిక పెట్టారు. గ్రాంథికమే రాయాలని పట్టుబట్టినవాళ్ల పుస్తకాలే తెరిచి, వాటిలో దొర్లిన వాడుక మాటల మీద వేలు పెట్టి చూపించేవారు. ఎదుటివాళ్ల రాతలే సాక్ష్యమైతే వాదన ఎంతసేపు నిలుస్తుంది! 1924లో కాకినాడలోని ఆంధ్ర సాహిత్య పరిషత్తు వాడుక భాష మీద పెట్టిన నిషేధాన్ని తానే ఎత్తేసింది.

* * *

నైజాం ఇలాకాలో గిరిజన పిల్లలకు సొంత భాషలో చదువు చెప్పించే ఈ బాట పట్టినవాడు వియన్నా నుంచి వచ్చిన మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్. గోండుల నాయకుడు కుమ్రం భీమ్ 1940లో నేలకొరిగిన తర్వాత ఆదిలాబాద్ గోండుల మధ్య ఉండి, వాళ్ల భూముల సంగతి ప్రభుత్వానికి నివేదించాడు. మార్లవాయిలో గోండీలో చదువు చెప్పే ఉపాధ్యాయులకు శిక్షణ మొదలుపెట్టించాడు. తరువాత లండన్‌లో ప్రొఫెసర్ అయ్యాడు.

* * *

1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడింది. పర్లాకిమిడి అటు వెళ్లింది, పాతపట్నం ఇటు ఉండిపోయింది. తెలుగువారి తరఫున గట్టిగా ఎదిరించిన రామమూర్తి పంతులు ఆ రోజు ప్రారంభోత్సవం చూడలేక, ఊరు విడిచి రాజమండ్రి వెళ్లిపోయారు. యాభై ఆరేళ్ల కాపురం ఉన్న ఊరు అది. ఆ ప్రయాణం ఎంత బరువైందో ఊహించుకుంటేనే గుండె చెరువవుతుంది.

* * *

ఈయన పుట్టినరోజు ఆగస్టు 29నే మనం తెలుగు భాషా దినోత్సవం జరుపుకుంటున్నాం. ఈ రోజుల్లో సవర పిల్లల కోసం సవర మాటలతో ప్రభుత్వమే వాచకాలు వేయించిందన్నది చాలామందికి తెలియదు.

* * *

సవర పలుకులో, మాట మధ్య గొంతు లిప్తపాటు ఆగి పలికే ధ్వని ఒకటుంది. తెలుగు చెవికి అది అంత తేలిగ్గా అందదు. దాన్ని వింటూ కొండల్లో తిరిగిన రోజుల్లోనే పంతులుగారికి మన్యపు జ్వరం పట్టుకుంది. మింగిన క్వినైన్ వల్ల చెవుడు వచ్చి, జీవితాంతం వదల్లేదు. అయినా 1931లో సవర వ్యాకరణం, 1938లో సవర–ఇంగ్లీషు నిఘంటువు అచ్చులోకి తెచ్చారు. ఆ 1938లోనే ఆంధ్ర విశ్వవిద్యాలయం ఆయనను కళాప్రపూర్ణ బిరుదుతో గౌరవించింది. అప్పటికి ఆయనకు 75 ఏళ్లు.