ఒకే అచ్చు, నాలుగు లిపులు

రైల్వే రిజర్వేషన్ ఫారం మీరు చూసే ఉంటారు. పేరు, వయసు, బండి నంబరు అనే మాటలు ముందే అచ్చయి ఉంటాయి. మనం నింపవలసింది ఖాళీ గళ్ళను మాత్రమే. వెబ్‌సైటు టెంప్లేటు కూడా ఇలాంటిదే. సంస్థ పేరు, చిహ్నం, విషయసూచిక ప్రతి పేజీలోనూ మారకుండా ఉంటాయి. మారే సమాచారానికి విడిగా కేటాయించిన చోట్లను కంటెంట్ ఏరియాలు అంటారు. డ్రూపల్‌లో వీటి పేరు రీజియన్, జూమ్లాలో పొజిషన్. సమాచారం డేటాబేస్‌లో ఉంటుంది. మనం పేజీని కోరినప్పుడు కంటెంట్ మేనేజ్‌మెంట్ సిస్టమ్ దానిని తెచ్చి ఆ గడిలో అమర్చి పంపుతుంది. ప్రకటన రాసే గుమాస్తాకు హెచ్‌టీఎంఎల్ రానవసరం లేదు, పేజీ చట్రం చెడిపోతుందన్న భయమూ ఉండదు.

అయితే, గడి గీసినంత మాత్రాన పని పూర్తి కాదు. ఖరగ్‌పూర్‌నే తీసుకోండి. రైల్వే ఉద్యోగాల కోసం వచ్చిన తెలుగువారు తరాలుగా స్థిరపడిన ఊరు ఇది. పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం 2020 డిసెంబరులో తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వాలని నిర్ణయించింది. అక్కడ మంచినీటి గురించి ఒక ప్రకటనను బెంగాలీ, హిందీ, ఇంగ్లీషు, తెలుగు భాషల్లో పెట్టాలనుకోండి. నాలుగింటినీ ఒకే గడిలో దట్టిస్తే ఏ వాక్యం ఏ భాషదో కంప్యూటరుకు తెలియదు. అంధులకు పేజీని చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ తికమక పడుతుంది. అందుకే భాషకొక గడి ఇచ్చి, ప్రతి గడికీ దాని భాషా సంకేతం తగిలించాలి. తేదీకి మాత్రం నాలుగు భాషలకూ కలిపి ఒకే గడి చాలు. లేకపోతే తెలుగులో 12, బెంగాలీలో 21 పడే ప్రమాదం ఉంది!

తర్వాత ఎత్తు సంగతి. ఇంగ్లీషు అక్షరాలకు కొలిచి గడి ఎత్తును బిగించేస్తే తెలుగు ఒత్తులు కింద తెగిపోతాయి. “ఈ నీరు తాగవద్దు” అన్న హెచ్చరిక “తాగవదు” అయి కూర్చుంటుంది. కనుక గడి ఎత్తు లోపలి పాఠాన్ని బట్టి పెరిగేలా ఉంచాలి.

వాక్యం నడుమ గడి పెట్టడం మరో చిక్కు. “—కు వెళ్ళు బండి” అని అచ్చు తయారుచేస్తే ఖరగ్‌పూర్‌కు సరిపోతుంది. పక్క స్టేషను హిజ్లీ వచ్చిందా, “హిజ్లీకు” అని పడుతుంది. మన విభక్తులు ముందున్న అచ్చును బట్టి మారతాయి మరి. “గమ్యం: హిజ్లీ” అని విడగొట్టడమే సులువు.

తెలుగు అనువాదం సమయానికి అందకపోతే? సాధారణ ప్రకటనలకు తెలుగు గడిని తప్పనిసరి చేయవచ్చు. అది నిండేదాకా పేజీ బయటికి వెళ్ళదు. నీటి హెచ్చరికకు ఆ నియమం పనికిరాదు. అక్కడ ఉన్న భాషల్లో వెంటనే చూపించి, తెలుగు గడిలో “అనువాదం రావలసి ఉంది” అన్న వాక్యం ముందే నింపి ఉంచాలి.