థాయ్ భాషలో మర్యాద పదాలు

థాయ్ భాషలో మర్యాద పదాలు అనగా పలకరింపు, కృతజ్ఞత, క్షమాపణ, అభ్యర్థన వంటి నిత్య సందర్భాలలో థాయిలాండ్ ప్రజలు వాడే మాటలు. థాయ్ భాష తై-కదై భాషా కుటుంబానికి చెందినది. పాళీ, సంస్కృత భాషల నుండి ఎన్నో పదాలను గ్రహించినందున వీటిలో కొన్ని తెలుగువారికి పరిచితంగా తోస్తాయి. అయితే మర్యాద అనేది ఈ పదాలలో కంటే వాక్యం చివర చేర్చే చిన్న పదంపైన, పలికే స్వరంపైన ఎక్కువగా ఆధారపడి ఉంటుంది.

వాక్యాంత పదాలు

తెలుగులో "అండి"ని స్త్రీపురుషులు ఒకే విధంగా వాడతారు. థాయ్ భాషలో అటువంటి పదం మాట్లాడేవారిని బట్టి మారుతుంది, వినేవారిని బట్టి కాదు. పురుషులు "ఖ్రప్" అనీ, స్త్రీలు "ఖ" అనీ చేరుస్తారు. వాడుకలో "ఖ్రప్" తరచు "ఖప్"గా వినిపిస్తుంది. "ఖ" మామూలు వాక్యం చివర దిగే స్వరంలోను, ప్రశ్న చివర హెచ్చు స్వరంలోను పలుకుతుంది. విడిగా పలికినపుడు ఈ పదాలకు "అవునండి" అని అర్థం. స్త్రీల వద్ద భాష నేర్చుకునే పురుషులు విన్నది విన్నట్లు పలికితే తప్పవుతుంది.

నిత్య వ్యవహారంలోని మాటలు

* సవత్ దీ: నమస్కారం. సంస్కృత "స్వస్తి" నుండి కల్పించబడినది. 1930లలో చులాలాంగ్‌కార్న్ విశ్వవిద్యాలయంలో ఫ్రయా ఉపకిత్ సిల్పసాన్ దీనిని ప్రవేశపెట్టగా, 1943లో ఫిబున్ ప్రభుత్వం అధికారిక పలకరింపుగా స్వీకరించింది. కలిసినపుడు, సెలవు తీసుకునేటపుడు కూడా వాడతారు.
* ఖోప్ ఖున్: కృతజ్ఞతలు. ఇందులోని "ఖున్" సంస్కృత "గుణ" శబ్దమే. "మీరు" అనడానికి, పేరుకు ముందు గౌరవవాచకంగా కూడా "ఖున్" వాడతారు. పిన్నవారితో, సన్నిహితులతో "ఖోప్ చై" అనవచ్చును.
* ఖో థోత్: క్షమించండి. "థోత్" అనగా దోషము.
* కరునా: దయచేసి. "కరుణ" నుండి వచ్చిన ఈ మాట ప్రకటనలలో, లాంఛనమైన సందర్భాలలో ఎక్కువ.
* మై పెన్ రై: ఫరవాలేదు.
* కిన్ ఖావ్ రూ యంగ్: అన్నం తిన్నారా? తెలుగునాట "భోంచేశారా" అన్నట్లే ఇదీ ఒక పలకరింపు.

ఇచట ఖ, థ, ఫ అనేవి మహాప్రాణాలు. "ఫ"ను "కాఫీ"లోని ధ్వనివలె పలుకరాదు.

వరుసలు, నమస్కారం

తమకంటే పెద్దవారిని "ఫీ" అనీ, చిన్నవారిని "నోంగ్" అనీ పిలుస్తారు. ఇవి అన్న, అక్క, తమ్ముడు, చెల్లెలు వంటివే కాని వీటిలో స్త్రీపురుష భేదం లేదు. బంధుత్వం లేనివారిని కూడా ఇలా సంబోధిస్తారు. చేతులు జోడించి చేసే నమస్కారాన్ని "వై" అంటారు. సాధారణంగా చిన్నవారు ముందుగా చేస్తారు. ఎదుటివారు ఎంత పెద్దవారైతే చేతులు అంత పైకి ఎత్తి, తల అంత వంచుతారు.

స్వర భేదాలు

థాయ్ భాషలో ఐదు స్వరాలు ఉన్నాయి: సమం, తగ్గు, దిగే, హెచ్చు, ఎక్కే స్వరాలు. స్వరం మారితే అర్థమే మారిపోతుంది. ఉదాహరణకు "సువయ్" అనే మాటను ఎక్కే స్వరంలో పలికితే "అందమైన" అనీ, సమస్వరంలో పలికితే "దురదృష్టపు" అనీ అర్థం. అందువలన ప్రశంసగా అనదలచిన మాట నిందగా పరిణమించవచ్చును. తెలుగు లిపిలో ఈ భేదాలను చూపే గుర్తులు లేవు. కనుక పై మాటలను చదివి కంఠస్థం చేయడంతో సరిపెట్టక, థాయ్ మాట్లాడేవారి నోట విని అభ్యసించడం అవసరం.