వంగిన క్రిస్మస్ చెట్టు, విరగబూసిన తురాయి

"బావా, నర్సరీవాడు మనకి వంకర మొక్క అంటగట్టాడు." మొన్న మా బావమరిది ఫోన్ ఎత్తగానే అన్న మాట ఇది. చల్లపల్లిలో ఇల్లు కట్టినప్పుడు గేటుకి ఇటు తురాయి, అటు క్రిస్మస్ చెట్టు నాటాడు. తురాయి ఆరో ఏడు నుంచీ ఎండాకాలం వస్తే చాలు, ఎర్రగా విరగబూస్తోంది. క్రిస్మస్ చెట్టేమో డాబా ఎత్తు దాటాక ఓ పక్కకి ఒరగడం మొదలెట్టింది.

పాపం, నర్సరీవాడి తప్పేం లేదు. అరకేరియా అనీ, నార్‌ఫోక్ దీవి పైన్ అనీ చెప్పి మన దగ్గర అమ్మే మొక్కల్లో ఎక్కువ శాతం నిజానికి కుక్ పైన్లు. వాటి పుట్టిల్లు పసిఫిక్‌లోని న్యూ కాలెడోనియా. ఈ జాతి వంగడంలో ఓ పద్ధతుంది. ఐదు ఖండాల్లో 256 చెట్లను కొలిచి శాస్త్రజ్ఞులు 2017లో ఆ సంగతి ప్రకటించారు. ఈ చెట్టు ఎక్కడ పెరిగినా భూమధ్యరేఖ వైపే వంగుతుంది. ఉత్తరార్ధగోళంలో ఉంటే దక్షిణానికి, దక్షిణార్ధగోళంలో ఉంటే ఉత్తరానికి. సగటు వంపు 8.55 డిగ్రీలు, అంటే పీసా గోపురం వంపుకి రెట్టింపు పైమాటే. ఆస్ట్రేలియాలో ఒకటి ఏకంగా 40 డిగ్రీలు ఒరిగింది.

"ఏ పక్కకి వంగిందిరా?" అనడిగాను.

"అవనిగడ్డ పక్కకి."

చల్లపల్లికి అవనిగడ్డ దక్షిణానే. లెక్క సరిపోయింది.

ఈ చెట్టుకి ఇంకో మొండితనం కూడా ఉంది. పక్కకొమ్మ నరికి నాటితే, వేరు తన్నినా నిలువుగా లేవదు. అడ్డంగానే పాకుతుంది. కొమ్మగా పుట్టిన సంగతి బతికినన్నాళ్లూ మరచిపోదన్నమాట. అందుకే దీన్ని గింజ నుంచో, తలకొమ్మ నుంచో పెంచుతారు.

సరే, పూల చెట్టు గొప్పదా, సూదాకుల కోనిఫర్ గొప్పదా అని పందెం పెడితే రికార్డుల పుస్తకం ముందు కోనిఫర్ వైపే మొగ్గుతుంది. లోకంలో అన్నిటికన్నా ఎత్తయిన చెట్టు కాలిఫోర్నియాలోని హైపీరియన్ అనే రెడ్‌వుడ్. ఎత్తు 115.9 మీటర్లు, 380 అడుగులు. ఒంటి మానుగా ఘనపరిమాణంలో అన్నిటికన్నా పెద్దది జనరల్ షెర్మన్ అనే సెకోయా, 1,487 ఘనపు మీటర్లు. వయసులో మెతూసెలా అనే బ్రిసిల్‌కోన్ పైన్‌కి 4,800 ఏళ్లు పైబడ్డాయి. మన పక్కూరు ఘంటసాలలో బౌద్ధ స్తూపం కట్టేనాటికే ఆ చెట్టు రెండున్నర వేల ఏళ్లు దాటిన ముసలిది.

లావులోనూ వాళ్లదే పైచేయి. మెక్సికోలో సాంతా మరియా దెల్ తూలే అనే ఊరి గుడి ముందు ఓ సైప్రస్ ఉంది. మొదలు చుట్టుకొలత 42 మీటర్లు. పాతికమంది చేతులు కలిపినా చుట్టు పూర్తికాదు. మా డెల్టావాళ్లు గుర్తుపెట్టుకోవాల్సిన చెట్టు ఇదే. కోనిఫర్లలో చాలావాటికి మొదట్లో నీళ్లు నిలిస్తే పడదు, వేరు కుళ్లిపోతుంది. ఈ సైప్రస్ మాత్రం ఏటిగట్ల మీద, చిత్తడి నేలల్లో పెరిగే జాతి. కాలవ కట్టెయ్యని వేసవి ఉంటుందేమో గానీ బురద లేని వానాకాలం చల్లపల్లి ఎరగదు. అంతగా కోనిఫర్ మోజుంటే ఈ జాతిని అడగాలి.

పూలవైపు రికార్డులకూ తక్కువేం లేదు. బోర్నియోలోని మెనారా అనే చెట్టు 100.8 మీటర్లు. అదే దీవిలో 1974లో ఓ ఫాల్కటేరియా 13 నెలల్లో 10.74 మీటర్లు ఎదిగింది. చిక్కుడు కుటుంబం దాంది, అంటే మన తురాయికి చుట్టం. ఫలానా ఏడు నాటారని లెక్క తెలిసిన చెట్లలో అన్నిటికన్నా పాతది అనురాధపురంలోని బోధివృక్షం, క్రీ.పూ. 288 నాటిది. ఇక విస్తీర్ణంలో ప్రపంచానికి మనవాళ్లే పెద్ద. కదిరి దగ్గరి తిమ్మమ్మ మర్రిమాను దాదాపు ఐదెకరాల మీద పందిరి పరిచింది, 1989లో గిన్నిస్ పుస్తకానికెక్కింది. మర్రికి పూలెక్కడివంటారేమో, కాయ కోసి చూడండి. లోపల ఉన్నవన్నీ పూలే.

పెరటి లెక్కకొస్తే నా ఓటు తురాయికే. పుట్టిల్లు మడగాస్కర్ అయినా దానికి మనవాళ్లు పెట్టిన పేరు చూడండి, తలపాగాలో దోపే కుచ్చు. పువ్వుకి ఐదు రేకులుంటాయి. నాలుగు ఎర్రనివి, ఐదోది కాస్త పెద్దది, తెల్లగా, ఎర్రచుక్కలతో. మొగ్గ చీల్చి కేసరాలు తీసి, తలకి తల మెలేసి లాగి కోడిపందేలు ఆడని పిల్లలు మా తరంలో లేరు. తల తెగినవాడు ఓడినట్టు. సంక్రాంతి పందేలకి పోలీసులొస్తారు గానీ, ఈ పందేలకి మాత్రం బడి గంటే అడ్డం.

దోషాలూ చెప్పుకోవాలి. తురాయి వేరు లోతుకి దిగదు, పైపైనే పరుచుకుని ప్రహరీని పగలగొడుతుంది. కొమ్మ పెళుసు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖని తాకినప్పుడు రోడ్ల మీద కూలినవాటిలో ఈ బాపతు చెట్లు బోలెడు. గోడకి ఇరవై అడుగుల దూరం లేకపోతే నాటకపోవడమే మేలు. రేలకీ పొగడకీ ఇంత పేచీ లేదు. ఆకు చెత్త సంగతి ఊళ్లో చీపురు పట్టేవాళ్లని అడగాలి. అదే ఏడు నవంబరులో మొదలైన స్వచ్ఛ చల్లపల్లి కార్యకర్తలు తెల్లవారకముందే రోడ్లెక్కి ఊడుస్తున్నారు, ఆ రోడ్ల వెంటే పూల చెట్లూ నాటుతున్నారు. రాలేవి తామే ఊడవాలని తెలిసీ నాటడం నాకు గిన్నిస్ పనిగానే తోస్తుంది.

మరి దివిసీమ గట్టున, మంగినపూడి ఇసుకలో ఉన్నవి కోనిఫర్లు కావా? సూదాకులున్నాయి, కాయ పైన్ కాయలాగే ఉంది. చాలామంది ఇక్కడే బోల్తా పడతారు. సరుగుడు పూల చెట్టే. సూది అనుకునేది సన్న రెమ్మ. గోటితో పట్టి లాగండి, గొలుసులా కణుపు దగ్గర ఊడుతుంది. కణుపు చుట్టూ పొలుసుల్లా కనపడేవే అసలు ఆకులు. 1977 నవంబరు 19 ఉప్పెన తర్వాత తీరానికి కాపలాగా వేసింది ఈ వేషగాడినే.

అసలు కోనిఫర్లు ఈ జిల్లాలకి పరాయివని కూడా అనలేం. నూజివీడు దగ్గరి గొల్లపల్లి రాళ్లలో దొరికిన మొక్కల శిలాజాల మీద ఫైస్ట్‌మాంటెల్ 1877లో ఓ గ్రంథమే రాశాడు. వాటిలో అరకేరియా కుటుంబపు ఆనవాళ్లున్నాయి. పది కోట్ల ఏళ్లకి పైమాట అది. అప్పటికి తురాయి లేదు, మడగాస్కర్ ఇంకా మన నేలనే అంటుకుని ఉంది. అంతరించిందనుకున్న అదే కుటుంబపు చెట్టు, వొలెమి పైన్, 1994లో సిడ్నీ దగ్గరి ఓ లోయలో ప్రాణాలతో దొరికింది. అడవిలో మిగిలిన పెద్ద చెట్లు వందలోపే.

ఇదంతా చెప్పాను మా వాడికి. విన్నాడు. వారం తిరక్కుండా వెదురు గుంజ పాతి, కొబ్బరితాడుతో చెట్టుని ఉత్తరానికి లాగి కట్టాడు. నిన్న ఫొటో పంపాడు. గుంజ కూడా అవనిగడ్డ పక్కకి వంగుతోంది.