ఏకపక్షపు ఆటలు

ఆటయందు గెలుపోటములు సహజములు. కాని యొక్కొక్కప్పుడు ఒక పక్షము మితిమీఱిన ఆధిక్యమును పొందుటయు, రెండవ పక్షము బొత్తిగా అణగిపోవుటయు సంభవించును. దీనికి ఆటగాండ్ర బలాబలములే గాక ఆట నిబంధనలు, స్థలము, అలసట మున్నగునవియు కారణములు.

అమెరికా దేశమున మన క్రికెట్టును కొంతవఱకు బోలిన బేస్‌బాల్ అను ఆట గలదు. 1902వ సంవత్సరము జూను 15వ తేదీన టెక్సస్ రాష్ట్రములో కార్సికానా జట్టు టెక్సర్కానా జట్టును 51–3 లెక్కతో ఓడించెను. క్లార్క్ అను యువకుడొక్కడే 8 పర్యాయములు బంతిని ప్రహరి దాటించెను. ఆనాడు ఆదివారము. కార్సికానాలో ఆదివారపు ఆటలు నిషిద్ధములగుటచే పోటీని ఎన్నిస్ అను ఊరికి మార్చిరి. అచ్చటి మైదానమున కుడివైపు ప్రహరి మిక్కిలి దగ్గఱగా నుండెను. అంతియేగాక, ఎంత ఆధిక్యమున్నను ముగ్గురు ఔటగువఱకు ఆ పక్షము కొట్టుచునే యుండవలెనని బేస్‌బాల్ నిబంధన.

క్రికెట్టునందైతే ఆడుచున్న పక్షము చాలుననుకొన్నప్పుడు ఆపివేయవచ్చును. ఆపనిచో ఎదుటివారికి కష్టకాలమే. బంతి పాతబడి నునుపు తగ్గును. బౌలర్ల భుజములు అలయును. వారికి బదులు క్రొత్త బౌలర్లను తెచ్చుకొనుటకు వీలులేదు. కుదురుకొన్న బ్యాట్స్‌మనుకో, గడచిన ప్రతి గంటయు బలమునే యిచ్చును.

దీనికి మన తెలుగుసీమలోనే గొప్ప నిదర్శనము గలదు. రంజీ పోటీలలో హైదరాబాదు జట్టు 1934–35 నాటి మొదటి పోటీనుండియు ఆడుచున్నది. ఆంధ్రజట్టు 1953–54లో ప్రవేశించినది. ఈ రెండు జట్లును 1994 జనవరిలో సికింద్రాబాదున తలపడినప్పుడు హైదరాబాదు 6 వికెట్లకు 944 పరుగులు చేసి ఆట చాలించెను. ఎం. వి. శ్రీధర్ 366, వివేక్ జయసింహ 211, నోయెల్ డేవిడ్ ఔటుకాకుండ 207 పరుగులు చేసిరి. శ్రీధర్ నిలిచియున్నంతలో జట్టు లెక్కకు 850 పరుగులు చేరెను. రంజీ చరిత్రలో దీనిని మించిన మొత్తము లేదు.

ముదిగొండవారికి హైదరాబాదు స్వపక్షము. సరిహద్దున కావల కృష్ణాతీరపు గ్రామములకు ఆంధ్ర స్వపక్షము. కావున ఈ లెక్కను జూచి మనము గర్వించుట సులభము. అయితే తరువాతి కథ వినుడు. 2010 నవంబరులో జయపురమున రాజస్థాను జట్టు ఆ హైదరాబాదునే 21 పరుగులకు కూల్చెను. 18 ఏండ్ల దీపక్ చాహర్ తన తొలి రంజీ ఆటలోనే 10 పరుగులిచ్చి 8 వికెట్లు తీసెను. క్రింది తరగతి జట్లలో నుండిన రాజస్థాను ఆ యేడే రంజీ కప్పును గెలుచుకొనెను. ఇట్లు రంజీ పోటీల అత్యధిక మొత్తమును, అత్యల్ప మొత్తమును హైదరాబాదు పేరనే లిఖింపబడినవి. ఆంధ్రజట్టు విషయమో, 2015లో ఆ జట్టు వికెట్‌కీపరు కె. ఎస్. భరత్ ఒంగోలులో గోవాపై 308 పరుగులు చేసెను.

విద్యార్థులారా, 944 అను సంఖ్యలో పరుగులు చేసినవారి కౌశలమే కాదు, ఎదుటివారి ఓర్పును గలదు. ఆంధ్ర ఆటగాండ్రు పదునొకండుగురు ఎండలో నిలిచి తుదివఱకు బంతి వేయకున్నచో ఆ లెక్క పుట్టియే యుండదు. ఓటమి తథ్యమని తోచినంతనే మైదానము విడిచిపోవు పిల్లలు ప్రతి పాఠశాలయందును ఉందురు. అట్టివారు తమ ఆటనే కాక ఎదుటివారి ఆటను గూడ చెఱచుచున్నారని గ్రహింపవలెను. లెక్క ఎంత ఏకపక్షమైనను ఆట మాత్రము ఇరుపక్షములవారిది.