పోకర్‌లో కాల్ ఎప్పుడు? రైజ్ ఎప్పుడు?

లాస్ వేగస్‌లోనో కాలిఫోర్నియాలోనో ఒకటి-రెండు డాలర్ల హోల్డెమ్ పోకర్ టేబుల్ దగ్గర కాసేపు నిలబడి చూడండి. చేతికి ఏ ముక్కలొచ్చినా సరే, తొమ్మిది మందిలో సగానికి పైగా రెండు డాలర్లు పడేసి కూర్చుంటారు. ఆ తర్వాత ఎవరైనా పది డాలర్లు పెట్టినా లేవరు. "ఏం పడుతుందో చూద్దాం" అనే మనస్తత్వం అది. చిన్న పందేల ఆటలో కాల్ (ఎదుటివాడి పందెంతో సమానంగా పెట్టడం), రైజ్ (దాన్ని పెంచడం) గురించి ఎవరు ఏ సలహా ఇచ్చినా ఈ మనిషిని దృష్టిలో పెట్టుకునే ఇవ్వాలి. (ఆన్‌లైన్‌లో డబ్బు పెట్టి ఆడే ఆటలను తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. 2025లో కేంద్ర చట్టం వాటిని దేశమంతటా ఆపేసింది. కాబట్టి ఇక్కడి లెక్కలు ఆటకు చట్టం ఒప్పుకున్న చోట్లకే.)

మరి రైజ్ ఎందుకు చేయాలి? కారణాలు రెండే. మీకంటే తక్కువ ముక్కలున్నవాడు కాల్ చేయాలి, లేదా మీకంటే మంచి ముక్కలున్నవాడు భయపడి వదిలేయాలి. ఈ రెండింట్లో ఒక్కటీ జరిగేలా లేకపోతే ఆ రైజ్ దండగ. చిన్న టేబుల్ మీద రెండోది అరుదు. చూద్దామనే వచ్చినవాడు ఎందుకు వదులుతాడు? ఖాళీ చేత్తో పాట్‌లో (మధ్యలో చేరిన డబ్బులో) సగమంత పందెం వేసి బెదిరిస్తే, మూడు సార్లకు ఒక్కసారైనా ఎదుటివాడు వదలాలి, అప్పుడే నష్టం లేకుండా బయటపడతారు. అంత సులువుగా వదిలేవాళ్లు అక్కడ కనబడరు.

మొదటి కారణం మాత్రం అక్కడ బ్రహ్మాండంగా పనిచేస్తుంది. చేతికి ఆసుల జత వచ్చిందనుకోండి. ఒక్క ప్రత్యర్థే ఉండి, అతని చేతిలో ఏవో ముక్కలున్నాయనుకుంటే మీ గెలుపు అవకాశం సుమారు 85 శాతం. ఐదుగురుంటే 49 శాతానికి పడిపోతుంది. "అందుకే రైజ్ చేసి జనాన్ని తగ్గించుకోవాలి" అని చాలామంది చెబుతారు. అది సగమే నిజం. ఐదుగురూ మీతో కలిసి తలా పది డాలర్లు పెడితే మధ్యలో అరవై చేరతాయి. అందులో 49 శాతం అంటే సగటున 29 డాలర్ల పైమాట. మీరు పెట్టింది పదే! ఓడే సార్లు పెరుగుతాయి, మనసు చివుక్కుమంటుంది, అయినా లాభం పెరుగుతుంది. ఆసులు ఓడిపోయాయని టేబుల్‌ని తిట్టుకునేవాళ్లు ఈ లెక్క చూడరు. కాబట్టి ఆరు డాలర్లకు రైజ్ చేసినా, పన్నెండుకు చేసినా అదే జనం కాల్ చేస్తున్నారని గమనిస్తే పన్నెండే పెట్టండి.

కాల్ సంగతి వేరు. రైజ్ చేస్తే అందరూ వదిలేయడం వల్లైనా గెలవచ్చు. కాల్ చేసినవాడికి ఆ దారి లేదు, ముక్కలు చూపించే గెలవాలి. అందుకే కాల్‌కి ఇంకాస్త గట్టి చెయ్యి కావాలి. రమ్మీలో చెత్త ముక్కలు పడితే ఇరవై పాయింట్లు ఇచ్చేసి హాయిగా డ్రాప్ చెప్పే మనిషే పోకర్ టేబుల్ దగ్గర "రెండు డాలర్లేగా" అంటూ ప్రతి చేతికీ కాల్ చేస్తాడు. ఈ వింత నాకు ఇప్పటికీ అర్థం కాదు.

గెలవడానికి ఇంకా ఒక ముక్క రావలసి ఉన్నప్పుడు చేసే కాల్‌కి లెక్క తప్పదు. మీ చేతిలో ఆఠీన్ ఆసు, ఆఠీన్ ఎనిమిది. టేబుల్ మీద అందరికీ ఉమ్మడిగా పరిచిన నాలుగింట్లో ఆఠీన్లు రెండు. ఇంకొక్కటి పడితే ఐదూ ఆఠీన్లే, అంటే ఫ్లష్. పాట్‌లో 30 డాలర్లు ఉండగా ఎదుటివాడు 15 పెట్టాడు. మీకు కనబడని ముక్కలు 46, వాటిలో ఆఠీన్లు తొమ్మిది. ఇదే పరిస్థితి 46 సార్లు వచ్చిందనుకుందాం. తొమ్మిది సార్లు 45 డాలర్ల చొప్పున 405 వస్తాయి. మిగతా 37 సార్లు 15 చొప్పున 555 పోతాయి. లోటు 150. అంటే ఫ్లష్ పడిన ప్రతిసారీ ఆఖరి పందెంలో అతని దగ్గర సగటున ఇంకో 17 డాలర్లు రాబట్టగలిగితేనే ఈ కాల్ గిట్టుబాటు. క్యాసినో కోసుకునే రేక్ కూడా కలిపితే ఇరవై దాటుతుంది. అతని ముందు ఎనిమిది డాలర్లే మిగిలి ఉంటే వదిలేయడమే. వంద ఉండి, జత పడితే వదలని రకమైతే నిక్షేపంగా కాల్ చేయవచ్చు. ముక్క రాకముందే రైజ్ చేయడమూ ఉంది. దానికి సెమీ బ్లఫ్ అని పేరు పెట్టింది డేవిడ్ స్క్లాన్‌స్కీ అనే అమెరికన్ రచయిత. మంచి ఎత్తే, కానీ వదలగల మనిషి మీదే.

చివరి ముక్క మీద లెక్క ఒక్కటే చాలదు. మీ చేతిలో ఆసు-రాజు, టేబుల్ మీది ఆసుతో కలిసి ఆసుల జత కుదిరింది. పాట్ 40, మీరు 25 పెట్టారు. రెండు గంటలుగా కాల్ తప్ప మరోమాట అనని పెద్దమనిషి చిప్స్ రెండు దొంతరలుగా సర్ది, తొంభైకి రైజ్ అన్నాడు. మీరు ఇంకా 65 పెడితే మొత్తం 220 అవుతుంది. పదింట మూడు సార్లు మీ జతే పైచేయి అయితే కాల్ సరైనదే. ఆ పెద్దమనిషి పది సార్లు రైజ్ చేస్తే మూడు సార్లు ఉత్తుత్తిగా చేస్తాడా? చేయడు. అతని దగ్గర రెండు జతలో, ఒకే అంకె ముక్కలు మూడో, ఇంకా పైవో ఉంటాయి. అదే రైజ్ ప్రతి చేతికీ ఎగిరిపడే కుర్రాడి నుంచి వస్తే కాల్ చేయండి. ఇద్దరిలో ఎవరో తెలియని కొత్త ముఖమైతే, ఒకటి-రెండు డాలర్ల టేబుల్ మీద అతన్ని పెద్దమనిషి కిందే లెక్కేసి ముక్కలు పడేయండి.